సముద్రం దాటిన తప్పు (దారిలో చరిత్ర – 9)



రెండు వారాలుగా రాయలేదు. "సార్, తొమ్మిదో భాగం ఏది?" అని మెసేజ్ పెట్టిన పిల్లలందరికీ ఒకటే జవాబు, నేను ఊళ్ళో లేను. ట్రినిడాడ్‌లో ఒక సదస్సుకి పేపర్ చదవడానికి వెళ్ళాను. ఎలాగూ అంత దూరం వచ్చాం కదా అని మిగిలిన సెలవులు పక్కనున్న గయానాలో గడిపాను. సగం ఖర్చు అప్పు. అందుకని ఈ ప్రయాణాన్ని ఊరికే పోనివ్వను, కాస్త పొడుగైనా భరించండి.

గయానా మ్యాపులో దక్షిణ అమెరికా ఖండం మీదే ఉంటుంది. బతుకు మాత్రం కరీబియన్. ఇంగ్లీషు క్రియోల్, క్రికెట్, రమ్ము, చెరుకు అన్నీ ఆ దీవులవే. జనాభాలో దాదాపు 40 శాతం మంది మన దేశం నుంచి వెళ్ళిన కూలీల సంతతి. వాళ్ళ తర్వాత పెద్ద సంఖ్య ఆఫ్రికా నుంచి గొలుసులతో తెచ్చిన బానిసల వారసులది. 2015లో సముద్రంలో చమురు దొరికాక రాజధాని జార్జ్‌టౌన్‌లో హోటళ్ళు, కార్లు పెరిగాయట. నాకు జార్జ్‌టౌన్‌తో పని లేదు. నేను చూడాలనుకున్నది తూర్పున ఉన్న బెర్బీస్. అక్కడ "మద్రాసీలు" ఎక్కువ అని చదివి ఉన్నాను.

జార్జ్‌టౌన్‌లో మినీబస్సు ఎక్కితే రోసిగ్నోల్ దాకా తీసుకెళ్తుంది. అక్కడి నుంచి బెర్బీస్ నది మీద తేలే వంతెన దాటితే న్యూ ఆమ్‌స్టర్‌డామ్. మళ్ళీ ఇంకో మినీబస్సు. పాటల హోరుకి సీటు కూడా అదురుతుంది. కిటికీలోంచి ఒకవైపు వరి, ఒకవైపు చెరుకు, మధ్య మధ్యలో స్తంభాల మీద నిలబెట్టిన చెక్క ఇళ్ళు, ఇళ్ళ ముందు వెదురు గడలకి ఎర్ర జెండాలు. పార్టీ జెండాలనుకున్నాను. పూజ చేసుకున్న గుర్తుగా పాతే ఝండీలట.

నేను దిగింది రోజ్ హాల్ టౌన్‌లో. టౌన్ అనేది పేరుకే. మన పొదిలినో కనిగిరినో తీసుకుని అందులో మూడొంతులు తీసేయండి, మిగిలింది రోజ్ హాల్. ఒకే పెద్ద రోడ్డు, దానికి అటూ ఇటూ షాపులు, ఒక మార్కెట్టు. మధ్యాహ్నం రెండు దాటితే కుక్కలు కూడా రోడ్డు దాటవు. ఇంటి కింద స్తంభాల మధ్య ఉండే ఖాళీ స్థలాన్ని "బాటమ్ హౌస్" అంటారు. ఊరి బతుకంతా అక్కడే. ఊయల మంచం, వంట, తగాదా, పెళ్ళి. నేను అద్దెకు దిగిన ఇంటావిడ డెబ్బై దాటిన మనిషి. అక్కడ పెద్దవాళ్ళని ఎవరైనా ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. ఆవిడ నన్ను "బేటా" అంది. ఆ ఒక్క మాట తప్ప ఆవిడకి మరే భారతీయ భాషా రాదు.

సముద్రం చూద్దామని మొదటి సాయంత్రమే నడిచాను. అది నీలం రంగులో ఉండదు. అమెజాన్ నది తెచ్చిపోసే బురదతో మట్టిరంగులో ఉంటుంది. అక్కడ నిలబడ్డాక అర్థమైంది, పోటు మీదున్నప్పుడు సముద్రం ఎత్తులో ఉంటుంది, నా వెనకున్న ఊరు పల్లంలో ఉంటుంది. ఈ తీరమంతా అంతే. కట్ట తెగితే చెరుకూ వరీ ఇళ్ళూ అన్నీ మునుగుతాయి. కాలువ చివర "కోకర్" అనే తూము తలుపు ఉంటుంది. ఆటు సమయంలో తలుపెత్తి లోపలి నీళ్ళు వదులుతారు, పోటుకి దించుతారు. ఆ ఏర్పాటు డచ్చివాళ్ళది. చేసిన చేతులు వాళ్ళవి కావు.

వాల్టర్ రాడ్నీ పేరు మీలో చాలామందికి తెలుసు. గయానా బిడ్డ, చరిత్రకారుడు. 1980 జూన్ 13న జార్జ్‌టౌన్‌లో కారులో బాంబు పెట్టి చంపారు. గయానా శ్రామికుల మీద ఆయన రాసిన చరిత్ర పుస్తకం ఆయన చనిపోయాక 1981లో వచ్చింది. అందులో ఒక లెక్క ఉంది. ఈ తోటల కోసం కట్టలూ కాలువలూ తవ్వడానికి ఆఫ్రికన్ బానిసలు పారలతో ఎత్తిపోసిన తడి బంకమట్టి 10 కోట్ల టన్నులు. చదివినప్పుడు అది నాకు ఒక అంకె. ఆ కట్ట మీద నిలబడి అటూ ఇటూ చూస్తే మాత్రం కాళ్ళ కింద నేల వేరేగా అనిపించింది. మన దగ్గర చెరువు తవ్వించింది ఫలానా రెడ్డిరాజు అని శాసనం ఉంటుంది. మట్టి మోసిన వాళ్ళ పేర్లు ఏ రాతి మీదా ఉండవు. ఇక్కడా లేవు. కానీ ఇక్కడ వాళ్ళు తిరగబడ్డ తేదీ ఉంది. 1763 ఫిబ్రవరిలో ఇదే బెర్బీస్‌లో కోఫీ అనే బానిస నాయకత్వంలో లేచిన తిరుగుబాటు డచ్చి వలసని నెలల తరబడి గడగడలాడించింది. గయానా ఇవాళ కోఫీని జాతీయ వీరుడంటుంది.

1834లో బ్రిటన్ బానిసత్వాన్ని రద్దు చేసింది. నష్టపరిహారం 2 కోట్ల పౌన్లు. బానిసలకి కాదు లెండి, బానిసలు చేజారినందుకు యజమానులకి. అప్రెంటిస్ పేరుతో ఇంకో నాలుగేళ్ళు ఊరికే చాకిరీ చేయించుకుని 1838 ఆగస్టు 1న వదిలారు. వదిలిన మరుక్షణం నల్లవాళ్ళు ఏం చేశారో తెలుసా? చిల్లర చిల్లరగా దాచిన డబ్బు పోగేసి, ఒకప్పుడు తమని కొట్టి పని చేయించిన తోటలనే కొన్నారు. 1839లో 83 మంది కలిసి ఒక తోట కొని విక్టోరియా అనే ఊరు కట్టుకున్నారు. భూమి ఉన్నవాడు కూలికి బేరమాడతాడు. అది తోట యజమానులకి గిట్టలేదు. బేరమాడని మనుషులు కావాలి. జాన్ గ్లాడ్‌స్టన్ అనే తోటల యజమాని (తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన గ్లాడ్‌స్టన్‌కి తండ్రి) 1836లోనే కలకత్తా కంపెనీకి ఉత్తరం రాసి కూలీలు కావాలని అడిగాడు. 1838 మే 5న విట్‌బీ, హెస్పరస్ అనే రెండు ఓడలు సుమారు 400 మందితో వచ్చి లంగరు వేశాయి. 1917లో గాంజెస్ అనే ఆఖరి ఓడ వచ్చేదాకా మొత్తం 2,39,000 మంది.

ఒకటి గుర్తుపెట్టుకోండి. నల్లవాళ్ళ బేరాన్ని విరగ్గొట్టడానికి మనవాళ్ళని తెచ్చారు. ఈ రెండు జనాల మధ్య తర్వాత జరిగిన దానికి విత్తనం ఇదే.

వీళ్ళలో ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వచ్చిన భోజ్‌పురి, అవధి మాట్లాడేవాళ్ళు. మద్రాసు రేవు నుంచి 1845 తర్వాత వచ్చినవాళ్ళు సుమారు 15 వేలు. తమిళులు, తెలుగువాళ్ళు అందరూ ఒకే ముద్ర కింద "మద్రాసీ"లే. అప్పటి మన నేల ఎలా ఉందో చూడండి. 1832–33 నందన కరువు గుంటూరు సీమని ఊడ్చేసింది. 1843లో కంపెనీ ప్రభుత్వం బానిసత్వాన్ని చట్టం గుర్తించదని ప్రకటించింది, కానీ పాలేరు మెడ మీద కాడి ఎవరూ దించలేదు. రెండేళ్ళకి గయానా ఓడలు మద్రాసుకొచ్చాయి. ఎక్కినవాళ్ళు ఎవరై ఉంటారు? ఇదే మద్రాసు రేవు నుంచి 1860 తర్వాత దక్షిణాఫ్రికా నాటాల్‌కి వెళ్ళిన ఓడల జాబితాల్లో కులం అని ఒక గడి ఉంది. అందులో పరయ, మాల, మాదిగ అనే మాటలు వరసగా కనిపిస్తాయి, పక్కన కాపు, గవళ్ళ, నాయుడు కూడా. సముద్రం దాటితే కులం పోతుందని శాస్త్రాలు భయపెట్టేవి. ఆ భయం పోగొట్టుకోవడానికి ఏదైనా ఉన్నవాడిది. వాడలో పుట్టినవాడికి సముద్రం దాటడం తప్పెలా అవుతుంది?

ఒప్పందం ఐదేళ్ళు. మగవాడికి రోజుకి ఒక షిల్లింగు. పనికి రాకపోతే జరిమానా, కట్టకపోతే జైలు. తోట దాటి వెళ్ళాలంటే పాసు ఉండాలి. ఉండడానికి "లోజీ"లు, అంటే నిన్నటిదాకా బానిసలున్న పొడుగు కొట్టాలు. వీటి గురించి తెలుగులో తక్కువే వచ్చింది, విడిగా ఒక భాగం రాస్తాను.

రోజ్ హాల్ టౌన్ పక్కనే పోర్ట్ మౌరంట్. నడిచి వెళ్ళొచ్చు. పాత చక్కెర ఎస్టేటు. ఫ్యాక్టరీ 1950ల్లోనే మూతపడింది. ఇప్పుడు ఒక ఆసుపత్రి, ఒక మార్కెట్టు, ఒక క్రికెట్ మైదానం. ఆ మార్కెట్లో నిలబడి గొడ్డలితో కొబ్బరిబోండాం కొట్టించుకుంటూ అక్కడివాళ్ళని ఊరి గొప్పేమిటని అడిగితే ఇద్దరు ఒకేసారి మాట్లాడారు, ఒకాయన జగన్ గురించి, ఇంకొకాయన క్రికెట్ గురించి.

చెడ్డీ జగన్ 1918లో ఈ ఎస్టేటులోనే పుట్టాడు. తల్లీ, నాయనమ్మా చెరుకు తోటలో కూలీలు. 1953లో వయోజనులందరికీ ఓటు వచ్చిన మొదటి ఎన్నికల్లో ఆయన పార్టీ గెలిచింది. 133 రోజులకి బ్రిటన్ సైన్యాన్ని దింపి, రాజ్యాంగాన్ని సస్పెండ్ చేసి ప్రభుత్వాన్ని కూల్చింది. కూలివాడి కొడుకు కుర్చీ ఎక్కితే ప్రజాస్వామ్యానికి ప్రమాదం వస్తుందని అప్పుడే కనిపెట్టారన్నమాట.

క్రికెట్ పిచ్చోళ్ళకి చిన్న పక్కదారి. రోహన్ కన్హాయ్, బేసిల్ బుచర్, జో సోలమన్, ఆల్విన్ కాళీచరణ్ అందరూ ఈ ఒక్క ఊరి వాళ్ళు. 1960లో బ్రిస్బేన్‌లో వికెట్లకి గురిచూసి కొట్టి చరిత్రలో మొదటి టెస్టు టై చేసింది ఈ సోలమనే. గవాస్కర్ తన కొడుక్కి రోహన్ జైవిశ్వ అని పేరు పెట్టుకున్నాడు కదా, అందులో రోహన్ ఈ కన్హాయ్, జై అంటే మన హైదరాబాద్ జయసింహ. ఆ పక్కనున్న ఆల్బియన్ మైదానంలోనే 1983 మార్చి 29న ఇండియా మొదటిసారి వన్డేలో వెస్టిండీస్‌ని ఓడించింది. ప్రపంచ కప్పు దానికి మూడు నెలల తర్వాత. చాలు, మళ్ళీ చెరుకులోకి.

ఇరవయ్యో శతాబ్దంలో గయానా చక్కెర ఎస్టేట్లలో అత్యధిక భాగం ఒకే కంపెనీవి. దాని పేరు బుకర్. 1976లో జాతీయం చేసేదాకా ఎస్టేట్లు, షాపులు, ఓడలు దాదాపు అన్నీ వాళ్ళవే. బ్రిటిష్ గయానాని జనం "బుకర్స్ గయానా" అనేవాళ్ళు. సాహిత్యం చదివే పిల్లలకి ఈపాటికి వెలిగి ఉండాలి. అవును, బుకర్ ప్రైజ్ ఆ కంపెనీ 1969లో పెట్టిందే. 1972లో జాన్ బెర్జర్‌కి ఆ బహుమతి వస్తే, ఈ డబ్బు కరీబియన్ దోపిడీ నుంచి వచ్చిందని ఆ సభలోనే చెప్పి సగం బ్లాక్ పాంథర్లకి ఇచ్చాడు. ఏటా నా క్లాసులో వెలుత పాత్ర గురించి మాట్లాడేటప్పుడు, ఆ నవలకి 1997లో బుకర్ వచ్చిందని గొప్పగా చెబుతాను. ఆ డబ్బు మొదట్లో ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారీ చెప్పలేదు. ఈ ఏడాది చెబుతాను.

ఆల్బియన్ ఫ్యాక్టరీ ఇంకా నడుస్తోంది. 2017 చివర్లో ప్రభుత్వం వేరే ఎస్టేట్లు కొన్ని మూసేస్తే వేలమంది రోడ్డున పడ్డారు. ఆంటీ చిన్న కొడుకు అలా పని పోయినవాళ్ళలో ఒకడు, ఇప్పుడు న్యూయార్క్‌లో ఉన్నాడు. అతను పనిచేసిన ఎస్టేటు పేరు కూడా రోజ్ హాలే, కానీ అది న్యూ ఆమ్‌స్టర్‌డామ్ అవతల కాంజే వైపు ఉంది. 1913 మార్చి 13న, ఇస్తామన్న సెలవులు ఇవ్వలేదని అడిగిన కూలీల మీద పోలీసులు కాల్పులు జరిపి 15 మందిని చంపింది అక్కడే. చచ్చిపోయినవాళ్ళలో ఒక ఆడమనిషి కూడా ఉంది. ఒప్పందం ఐదేళ్ళు, అడిగింది నాలుగు రోజుల సెలవు.

ఇక అసలు సంగతి. నేను అక్కడికి వెళ్ళింది ఒక ప్రశ్న పట్టుకుని. కులం సముద్రం దాటిందా?

1916 మేలో పాతికేళ్ళ అంబేడ్కర్ న్యూయార్క్‌లో కులాల పుట్టుక మీద పేపర్ చదివారు. హిందువులు ప్రపంచమంతా వలసపోతే కులం ప్రపంచ సమస్య అవుతుందన్న హెచ్చరిక అందులో ఉంది. ఆయన ఆ మాట చెబుతున్న రోజుకి గయానాకి ఓడలు మొదలై 78 ఏళ్ళు. అంటే ఈ తోటలు ఆ హెచ్చరికకి పరీక్ష పెట్టిన చోటు.

ఆంటీని అడిగాను. "ఇక్కడ అదేం లేదు బేటా, మాకు కులం తెలీదు" అంది. కొంత నిజమే. లోజీలో పక్క గదిలో ఎవరుంటారో తోట మేనేజర్ నిర్ణయిస్తాడు. ఊరు ఇటు, వాడ అటు అని గీత గీయడానికి ఊరే లేదు. ఒకే కాలువ నీళ్ళు, ఒకే బియ్యం, అందరి చేతిలోనూ అదే కత్తి. ఆడవాళ్ళు తక్కువ కాబట్టి పెళ్ళికి కులం చూసే తీరిక లేదు. అంబేడ్కర్ చెప్పిన కులం వెన్నెముక, సొంత కులంలోనే పెళ్ళి, అది విరిగింది. ఇది చిన్న విషయం కాదు. మన దేశంలో ఏ సంస్కర్తా చేయలేని పని అది, చెరుకు తోట చేసింది. దానికి తోటకి దండం పెట్టమని నేననను. కొరడా కిందా కులం విరుగుతుంది, అది విముక్తి అవ్వాలని లేదు.

కానీ ఆంటీ మాటల్లోనే మిగతా సగం బయటపడింది. కులానికి అక్కడ వాడే మాట "నేషన్". "హై నేషన్", "లో నేషన్". వాళ్ళ పెద్దన్న ఎవరినో పెళ్ళి చేసుకుంటే అమ్మాయి "లో నేషన్" అని వాళ్ళ నాయనమ్మ ఏడాది మాట్లాడలేదట. కులం తెలీదన్న పది నిమిషాలకే ఈ కథ. గొడవల్లో తిట్టుకునేటప్పుడు "చమార్" అనేది ఇప్పటికీ తిట్టే. చమార్ అంటే ఏమిటో తెలియని నోళ్ళు కూడా ఆ తిట్టు తిడతాయి. కులం చచ్చినా తిట్టు బతికింది. ఓడ దిగేటప్పుడు పేరు, కులం మార్చి చెప్పి బ్రాహ్మణుడైపోయినవాళ్ళున్నారని అక్కడ నవ్వుతూ చెప్పుకుంటారు. నవ్వు సరే, అలా మారినవాడు పైకే ఎందుకు మారాడు?

ఇంకొకటి చెప్పక తప్పదు. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను కూడా. నన్ను కొడుకులా చూసుకుని, రోజూ పొద్దున్నే రోటీ కాల్చి పెట్టిన ఆంటీ, పక్కవీధి నల్లవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు గొంతు మార్చింది. "వాళ్ళు శుభ్రంగా ఉండరు. పని చేయరు. వాళ్ళ ఇంట్లో తినకు." నాకు ఆ గొంతు తెలుసు. నా చిన్నప్పుడు మా ఊరి పెద్దవీధిలో మా గురించి మాట్లాడిన గొంతు అచ్చు అదే, మాటలు కూడా అవే. 1964లో ఇక్కడ ఈ రెండు జనాలు ఒకరి ఇళ్ళు ఒకరు తగలబెట్టుకున్నారు. ఆంటీకి అప్పటి జ్ఞాపకాలున్నాయి, ఆవిడ భయానికి కారణాలున్నాయి. అవతలి వీధిలో వాళ్ళకీ ఉన్నాయి. తోట యజమాని పెట్టిన చిచ్చు అని మనం సిద్ధాంతం చెప్పుకోవచ్చు, అది నిజం కూడా. కానీ అశుభ్రం, అంటు అనే ఆ మాటల కట్ట యజమాని ఇచ్చింది కాదు. అది మన ఓడల్లో వచ్చిన సామాను. ఇండియన్‌కీ ఆఫ్రికన్‌కీ పుట్టిన బిడ్డని అక్కడ "దొగ్లా" అంటారు. అది భోజ్‌పురి మాట. దాని అసలు అర్థం నేను ఇక్కడ రాయను, మీరు ఊహించగలరు.

ఆదివారం ఆల్బియన్ వైపు ఒక కాళీమాయి గుడికి వెళ్ళాను. వాళ్ళు "కాళీ చర్చ్" అని కూడా అంటారు. తోటలో సెలవు ఆదివారమే కాబట్టి పూజా ఆదివారమే. మద్రాసీలు మోసుకొచ్చిన గుడి ఇది. లోపల మారెమ్మ, కాటేరి, మదురై వీరన్, మునీశ్వరుడు, నాగూరు మీరా పేరుతో ఒక ముస్లిం పీరు కూడా. వేపాకు, పసుపు నీళ్ళు, నిమ్మకాయలు. పాటలు తమిళం, కానీ పాడేవాళ్ళకి అర్థం తెలియదు, నోటుపుస్తకంలో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నారు. పోలేరమ్మ జాతర చూసిన నాకు ఎవరూ ఏమీ వివరించనక్కర్లేకపోయింది.

ఈ పూజని ఉత్తరాది పండితుల సనాతన సభలు చాలాకాలం నీచమైనదిగా చూశాయి. మేకని కోస్తారు, రమ్ము పోస్తారు, పూనకం వస్తుంది, నల్లవాళ్ళని లోపలికి రానిస్తారు. అంతా "లో నేషన్" వ్యవహారం. మనుషులకి కులం పోయింది, దేవతలకి ఉండిపోయింది! ఆ ఒత్తిడికి కొన్ని గుళ్ళు బలులు మానేసి శాకాహారమయ్యాయి. ఈ కథ మనకి కొత్తా? మరోవైపు, 1960ల్లో బెర్బీస్ మానసిక వైద్యశాల డాక్టర్లు రోగుల కోసం కాళీమాయి పూజారితో కలిసి పనిచేశారు. ఆల్బియన్ అవతల విమ్ అనే ఊళ్ళో పుట్టిన మోజెస్ నాగముత్తు మద్రాసీ బెస్తల బతుకు మీద "హెండ్రీస్ క్యూర్" అని నవల రాశాడు. 2015 నుంచి 2020 దాకా గయానా ప్రధానమంత్రి ఆయనే. మన దగ్గర ఎందరు ప్రధానులు తమ వాడ మీద నవల రాశారో మీరే లెక్కపెట్టుకోండి.

గుడి వెనక చిన్న మంట వేసి నలుగురు కూర్చున్నారు. చేతుల్లో గుండ్రటి చట్రాలు, వాటికి బిగించిన మేకతోలు. తోలుని మంటకి చూపించి, వేలితో కొట్టి చెవి పెట్టి వింటున్నారు. నా కాళ్ళు ఆగిపోయాయి. దీన్నేమంటారు అని అడిగాను.

"తప్పు" అన్నాడు ఒక కుర్రాడు.

వాళ్ళకి అది వాద్యం పేరు, అంతే. తమిళంలో తప్పు అనే వాద్యం ఉంది, మనకి తప్పెట ఉంది, డప్పు ఉంది. ఇది తమిళులదా మనదా అని తేల్చే పని నేను పెట్టుకోలేదు, రెండుచోట్లా దాన్ని మోసిన కులాలు ఏవో మనకి తెలుసు. ఇక్కడ మోస్తున్నవాళ్ళని చూశాను. ఒక ముసలాయన భోజ్‌పురి కుటుంబం వాడు. ఇద్దరు అన్నదమ్ములు మద్రాసీలు. నాకు పేరు చెప్పిన కుర్రాడు, ఉంగరాల జుట్టు, నల్లటి మెరిసే ముఖం, ఆంటీ భాషలో దొగ్లా.

అప్పుడు నేను చేసిన పని చెబుతాను. ముసలాయన పక్కన కూర్చుని, "అంకుల్, పాతరోజుల్లో దీన్ని ఏ నేషన్ వాళ్ళు కొట్టేవాళ్ళు?" అని అడిగాను. ఆయన తోలు మీద నుంచి చూపు తిప్పకుండా "చేతులున్నవాళ్ళు" అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ముఖం వేడెక్కింది. ఎవరైనా కొత్తవాడు మా వాడకొచ్చి నోట్సు పుస్తకం తెరిచి "మీరేమిటోళ్ళు?" అని అడిగితే నాకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. పదివేల మైళ్ళు వచ్చి అదే ప్రశ్న నా నోటితో అడిగాను.

మా తాత డప్పు కొట్టాడు. ఊళ్ళో చావుకి, జాతరకి, చాటింపుకి. ఎవరు పోయినా ముందు పిలుపు ఆయనకే, పిలిచాక నిలబడేది మాత్రం గుమ్మానికి ఇరవై గజాల అవతల. నాన్నకి టీచరు ఉద్యోగం వచ్చిన రోజు తాత చేతిలోంచి డప్పు తీసుకుని అటకెక్కించాడు. "మన ఇంట్లో దీన్ని ఇక ఎవరూ ముట్టకూడదు" అన్నాడట. ఆ మాట తప్పని నేననలేను. ఆ రోజుల్లో దాన్ని దించడమే తిరుగుబాటు. తర్వాత 1994 జులై 7న ఈదుముడిలో మాదిగ దండోరా మొదలయ్యాక అదే డప్పు ఉద్యమం జెండా అయింది. పిలిస్తే వెళ్ళి మూల నిలబడి కొట్టిన డప్పు, ఊరి నడివీధిలో మన పిలుపుగా మోగింది. నేను పెరిగింది ఆ మోత వింటూనే. దాని మీద వ్యాసాలు రాశాను. నా పీహెచ్‌డీలో ఒక అధ్యాయం అదే. సెమినార్లలో చిర్ర గురించీ చిటికెన పుల్ల గురించీ నలభై నిమిషాలు మాట్లాడగలను.

కుర్రాడు తన తప్పుని నా చేతిలో పెట్టాడు. "నువ్వు మద్రాస్ నుంచి వచ్చావ్ కదా, అసలుది ఎలా కొడతారో చూపించు" అన్నాడు. మద్రాసు కాదు అని మొదలుపెట్టి ఆగిపోయాను. అతనికి నేను ఎక్కడివాడినో కాదు కావలసింది. నలుగురూ చేతులు ఆపి నా వైపు చూస్తున్నారు. ముసలాయన కూడా తలెత్తాడు.

నాకు రాదని చెప్పాను. అబద్ధమాడుతున్నాననుకుని మళ్ళీ నవ్వారు. రెండు దెబ్బలు కొట్టాను, అప్పుడు నమ్మారు. కుర్రాడు నా వెనక నిలబడి నా భుజం మీద పట్టీ సర్ది, రెండు పుల్లలూ చేతుల్లో పెట్టి, మణికట్టు ఎలా వదలాలో చూపించాడు. సన్నపుల్ల నిలబడదు, జారిపోతుంది. పది నిమిషాలు తంటాలు పడ్డాక నాలుగు దెబ్బలు వరసగా పడ్డాయి, ఐదోది పడలేదు. లోపల పూజ మొదలైంది, పిలుపొచ్చింది. కుర్రాడు తప్పు తీసుకుని పరిగెత్తాడు. ఆ తర్వాత గంటన్నర అది ఆగలేదు. అమ్మ పూనిన ఒకావిడ నా ముందు నుంచి వేపమండతో వెళ్ళింది, నా నెత్తిన కూడా నీళ్ళు పడ్డాయి. పూజ అయ్యాక తామరాకులాంటి పెద్ద ఆకుల్లో ఏడు కూరలు, అన్నం వడ్డించారు. అందరం ఒకే బంతిలో నేల మీద కూర్చున్నాం. నా పక్కన ఆ కుర్రాడు.

తప్పు పట్టుకున్న నన్ను ఎవరో ఫోన్లో ఫొటో తీశారు. అక్కడ మధ్యాహ్నం, మన దగ్గర రాత్రి పదవుతుంది. నాన్నకి పంపాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి పంపాను. కింద ఏమీ రాయలేదు. నీలం టిక్కులు వెంటనే పడ్డాయి. టైప్ చేస్తున్నట్టు కనిపించడం, ఆగిపోవడం, మళ్ళీ కనిపించడం. నలభై ఏళ్ళుగా మా ఇంట్లో ఆయన ఆ మాట ఎత్తగా నేను వినలేదు.

చివరికి వచ్చింది:

"తోలు బాగా కాగినట్టు లేదు. ఎడమచేతి పుల్ల అట్లా పట్టుకోరు."